రాయలసీమ జానపద గానం - ర్యాప్, క్లబ్ దరువుల మేళనం: ఒక నిర్మాణ పరిశీలన

వ్యాససంగ్రహం:

పంజాబీ సంప్రదాయ గాత్రాన్ని ర్యాప్‌తో, క్లబ్ దరువులతో కలిపిన పాటలు మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతటా వినిపిస్తున్నాయి. ఇటీవలి తెలుగు సినిమా ద్వారా రాయలసీమ జానపద గానం కూడా అటువంటి మేళనంలోకి వచ్చింది. గొంతు సహజత్వం, యాస స్వచ్ఛత అనే రెండు కొలతలతోనే ఈ పాటలను అంచనా వేయడం చాలదని, పాట నిర్మాణంలో దరువు ఎక్కడ ప్రవేశిస్తున్నదో చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2018లో వచ్చిన పెంచల్ దాస్ పాటలు, కడప, కర్నూలు ప్రాంతాల చెక్కభజన, వీరగాథా సంప్రదాయాలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: రాయలసీమ జానపదం, చెక్కభజన, బోలీ, తిశ్రగతి, ర్యాప్, క్లబ్ దరువు, పెంచల్ దాస్.

1. ఉపోద్ఘాతం

బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీ కుటుంబాల నుంచి వచ్చిన సంగీతకారుడు పంజాబీ ఎంసీ 1998లో 'ముండియా తో బచ్ కే' అనే పాటను విడుదల చేశాడు. అందులో గొంతు లాభ్ జంజువాది. ఒంటి తీగ వాద్యమైన తుంబి నాదం పంజాబు పల్లెది. కింద నడిచే మంద్రస్వరాల వరుస మాత్రం 'నైట్ రైడర్' అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహిక నేపథ్య సంగీతం నుంచి తీసుకున్నది. 2003లో ఆ పాట బ్రిటన్ జనాదరణ జాబితాలో 5వ స్థానానికి చేరింది. అదే ఏడాది అమెరికన్ ర్యాపర్ జే-జీ తన చరణాలను దానికి జోడించాడు. సంప్రదాయ గాత్రం, ర్యాప్, క్లబ్ దరువు అనే మూడింటి కలయికకు నేటికీ ఉదాహరణగా చెప్పుకొనే పాట ఇది.

తెలుగు సినిమాకు పంజాబీ గొంతు కొత్త కాదు. 'యమదొంగ' (2007)లో 'రబ్బరు గాజులు' పాటను, 'బాహుబలి' రెండవ భాగం (2017)లో 'సాహోరే బాహుబలి' పాటను దలేర్ మెహందీ పాడాడు. రెండింటికీ సంగీతం ఎం.ఎం. కీరవాణి. ఆ పాటల్లో మనం అరువు తెచ్చుకున్నది గొంతులోని బలాన్ని మాత్రమే. పంజాబీ పాట కట్టుబడి అందులో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ సీమ గొంతును ఆధునిక దరువులో వినిపించాలనుకున్నప్పుడు కూడా మనం ఇదే పద్ధతికి అలవాటు పడ్డాం. ఒక ఘాటైన గొంతు, నాలుగు యాస మాటలు, కింద యంత్రపు దరువు. ఇంతమాత్రాన దానిని మేళనం అనవచ్చునా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

'జానపద ఆత్మ చెడింది', 'జానపద ఆత్మ నిలిచింది' అనే తీర్పులు మన విమర్శలో విరివిగా కనిపిస్తాయి. వాటిని పరీక్షించే మార్గం లేదు. దరువు పాటలోకి ఎక్కడ వచ్చింది, వచ్చాక పాటలో ఏది ఆగిపోయింది అన్న ప్రశ్నలకు మాత్రం పాట వింటూ జవాబు వెతకవచ్చు.

2. పంజాబీ పాటలో దరువుకు ఉన్న చోటు

భాంగ్రా, గిద్దా నృత్యాలకు ఆధారమైన బోలీ చాలా చిన్న రచన. ఒకరు ముందుకు వచ్చి దానిని ఎత్తుకుంటారు. ఆ ఎత్తుగడలో 'హేక్' అనే దీర్ఘస్వరం ఉంటుంది. తాళానికి కట్టుబడకుండా, ఊపిరి ఉన్నంతసేపు గొంతును పైస్థాయిలో నిలిపి ఉంచడం హేక్ లక్షణం. అది ముగిసి బోలీ చివరి మాట పడగానే ఢోల్ విరుచుకుపడుతుంది, గుంపు కదులుతుంది. పాడేటప్పుడు ఆట తగ్గుతుంది, ఆట పెరిగినప్పుడు పాట ఆగుతుంది.

క్లబ్ సంగీతం నిర్మాణం కూడా దాదాపు ఇదే. దరువును కాసేపు ఆపి, వినేవారిని ఉగ్గబట్టించి, ఒక్కసారిగా పూర్తి బరువుతో దానిని తిరిగి పడవేయడం అందులోని ప్రధాన తంత్రం. హేక్ ఉన్న చోట దరువు ఆగుతుంది, ఢోల్ ఉన్న చోట యంత్రపు దరువు పడుతుంది. పాటను ఎక్కడా కోయకుండానే రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగాయి. అంటే పంజాబీ పాటలో దరువుకు తలుపు ముందునుంచే ఉంది.

మరొక కారణం సామాజికమైనది. 1980 దశకంలో లండన్‌లోని సౌతాల్‌లోనూ, బర్మింగ్‌హామ్‌లోనూ అలాప్, హీరా వంటి బృందాలు ఈ సంగీతాన్ని తమవారి పెళ్లిళ్లలో పాడాయి. కలిపినవారు, పాడినవారు, ఆడినవారు ఒకే సమాజానికి చెందినవారు. పాట ఎక్కడ కుంటిందో ఆడేవారి కాళ్లే చెప్పేవి. మన దగ్గర ఈ మేళనం చాలావరకు చెన్నై, హైదరాబాదు స్టూడియోల్లో జరుగుతుంది. ఫలితాన్ని సీమ పెళ్లిపందిరి పరీక్షించేది పాట విడుదలయ్యాకే.

3. చెక్కభజన: వేగం, సాంద్రత

కడప, కర్నూలు పల్లెల్లో రామాలయం ముందు సాగే చెక్కభజనను పరిశీలిస్తే బోలీకి పూర్తిగా భిన్నమైన నిర్మాణం కనిపిస్తుంది. బిళ్లలు అమర్చిన చెక్కలు చేతబట్టి బృందం వలయంగా నిలుస్తుంది. గురువు చరణం ఎత్తుకుంటాడు, బృందం అందుకుంటుంది. మొదట నడక నిదానం. అడుగు కుదిరాక, గొంతులు కలిశాక, గురువు సైగతో వేగం ఒక మెట్టు ఎక్కుతుంది. తర్వాత మరో మెట్టు. చివరికి మాటలు దాదాపు కరిగిపోయి చెక్కల చప్పుడు, గజ్జెల మోత, వంత మాత్రమే మిగిలే ఉరవడికి చేరి, ముక్తాయింపుతో ఒక్కసారిగా ఆగుతుంది. కోలాటంలో కోపులు మారేటప్పుడు కూడా ఈ వేగవృద్ధి కనిపిస్తుంది.

ఇక్కడ పాటను పైకి తీసుకుపోయేది వేగం. క్లబ్ పాటలో వేగం మారదు. నిమిషానికి 120 నుంచి 130 దెబ్బల మధ్య ఒకచోట స్థిరపడి చివరిదాకా అక్కడే ఉంటుంది. ఒక పాట చివరను మరో పాట మొదలుకు తెగకుండా అతకాలంటే రెండింటి వేగమూ స్థిరంగా ఉండాలి గనుక డీజే వృత్తి అవసరమే ఈ నియమాన్ని స్థిరపరిచింది. అందువల్ల ఆ సంగీతంలో ఎదుగుదల అంతా సాంద్రతలో జరుగుతుంది. ఒక వాద్యం మీద మరొకటి చేరుతుంది, కొన్ని తొలగుతాయి, మళ్లీ చేరుతాయి.

ఈ రెండింటినీ కలపాలన్నప్పుడు చెక్కభజనలోని ఏ వేగాన్ని తీసుకోవాలి? సాధారణంగా చివరి ఉరవడినే తీసుకుంటారు. తిరునాళ్లలో ఒకవైపు భజన గుండం, మరోవైపు డీజే బండి ఉండటం సీమలో ఇప్పుడు సాధారణ దృశ్యం. ఆ బండిలో వినిపించే భజన పాట మొదటి క్షణం నుంచే పరుగులో ఉంటుంది. పరుగు మిగిలింది, పరుగుకు దారితీసిన నడక పోయింది. గురువు ఉద్యోగం కూడా పోయింది, ఎందుకంటే వేగాన్ని నిర్ణయించడమే అతని పని. పాటలో వేగాన్ని క్రమంగా పెంచగల సాధనాలు నేటి ధ్వనిముద్రణ యంత్రాల్లో లేవని కాదు, ఉన్నాయి. వాడకపోవడం అలవాటు మాత్రమే.

వంత విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. పల్లెలో పది మంది అందుకునే వంత ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఒకడు ముందు అందుకుంటాడు, ఇద్దరు ఆలస్యంగా కలుస్తారు, మూడో ఆవృత్తానికి ఆడవాళ్ల గొంతులు చేరతాయి. స్టూడియోలో వంతను ఒకసారి ముద్రించి అవసరమైన చోటల్లా అతికించే వీలుంది. అలా చేసినప్పుడు వింటున్నది గుంపుగా తోచదు, గుంపు ఫోటోగా తోస్తుంది. శ్రుతిని సరిదిద్దే యంత్రం స్వరాల మధ్య జారుడును చదును చేయడం గురించి సంగీతజ్ఞులు ఇప్పటికే చాలా చెప్పారు గనుక ఇక్కడ విస్తరించడం లేదు.

4. పెంచల్ దాస్ పాటలు: మాత్రల లెక్క

మేర్లపాక గాంధీ దర్శకత్వం వహించిన 'కృష్ణార్జున యుద్ధం' 2018 ఏప్రిల్‌లో విడుదలైంది. నాని ద్విపాత్రాభినయం చేసిన ఈ చిత్రంలో ఒక పాత్ర చిత్తూరు జిల్లా పల్లెటూరి కృష్ణ, మరొకటి ఐరోపాలో రాక్ గాయకుడైన అర్జున్. సంగీతం సమకూర్చినవారు హిప్‌హాప్ తమిళ పేరుతో ప్రసిద్ధులైన ఆది, జీవ. తమిళ ర్యాప్‌తో పేరు తెచ్చుకున్న ఈ ద్వయం, పాత కడప జిల్లా చిట్వేలి ప్రాంతానికి చెందిన పెంచల్ దాస్ చేత 'దారి చూడు' పాట పాడించారు. రచన కూడా ఆయనదే. హిప్‌హాప్ సంగీతకారుడు, సీమ జానపద గాయకుడు నేరుగా కలిసిన సందర్భాల్లో ఇంతగా ఆదరణ పొందినది మరొకటి లేదు.

ఆ ఆదరణకు యాసను, గొంతులోని గరుకుదనాన్ని కారణాలుగా చెప్పడం పరిపాటి. అవి కాదనలేనివే. అయితే పాట ఎత్తుగడలోని 'దారి చూడు దుమ్ము చూడు' అన్న నాలుగు మాటలను ఛందోదృష్టితో చూడండి. దారి, చూడు, దుమ్ము, చూడు. నాలుగూ గలాలే, అంటే వరుసగా నాలుగు హగణాలు. ఒక్కొక్కటి మూడు మాత్రలు, మొత్తం పన్నెండు. క్లబ్ దరువులో ఒక ఆవృత్తానికి నాలుగు సమానమైన దెబ్బలు. ఒక్కో దెబ్బను మూడుగా విభజిస్తే పన్నెండు. ప్రతి గలంలోని గురువు మీద సరిగ్గా ఒక దెబ్బ పడుతుంది. చతురశ్రంగా నడిచే యంత్రపు చట్రంలో తిశ్రగతి పాట ఎక్కడా నలగకుండా ఒదుగుతుంది. ఇది కాగితం మీది లెక్క అనీ, పాడేటప్పుడు దీర్ఘాలు సాగి హ్రస్వాలు కుదించుకుపోవచ్చుననీ తెలిసే చెబుతున్నాను. అయినా మన జానపద గేయాల్లో విస్తారంగా కనిపించే తిశ్రగతికి ఆధునిక దరువులో సిద్ధంగా ఒక చోటుందని చెప్పడానికి ఈ లెక్క చాలు.

అమెరికన్ ర్యాప్‌లో కూడా ఒక దెబ్బకు మూడేసి అక్షరాలు పలికే పద్ధతి ఉంది. 1990 దశకంలో మెంఫిస్ నగరపు ర్యాపర్లు దానిని వాడారు. 2013లో మిగోస్ బృందం పాడిన 'వెర్సాచే' తర్వాత అది లోకమంతటా పాకింది. సూర్యగణాల నడక తెలిసిన తెలుగు విద్యార్థికి అది వినగానే పరిచితంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

అదే ఏడాది అక్టోబరులో త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో 'అరవింద సమేత వీర రాఘవ' వచ్చింది. తమన్ సంగీతంలో మోహన భోగరాజు పాడిన 'రెడ్డమ్మ తల్లి' పాట రచన పెంచల్ దాస్‌దే. పేరులోని రెండు మాటలనూ లెక్కిస్తే, రెడ్డమ్మ తగణం, ఐదు మాత్రలు. తల్లి గలం, మూడు మాత్రలు. మొత్తం ఎనిమిది. ఎనిమిది మాత్రలను నాలుగేసిగా తెంపితే రెండవ దెబ్బ 'రెడ్డమ్మ' చివరి అక్షరం మీద పడుతుంది. 'తల్లి' అన్న పిలుపు దరువు దాటాక పలుకుతుంది. మొదటిదానికి మూడేసి, రెండవదానికి నాలుగేసి మాత్రలకు చేతితో చప్పట్లు వేస్తూ ఈ రెండు పాటల మాటలను ఒకదాని తర్వాత ఒకటి పలికిస్తే తేడా తరగతిలో ఎవరికైనా తెలిసిపోతుంది. మొదటిదానిలో చేయి, నోరు కలిసి నడుస్తాయి. రెండవదానిలో నోరు చేతిని ఆపమంటుంది. అది శోకం నిండిన మొర. దానిని నిదానంగా, గొంతును ముందుంచి వినిపించాలన్న తమన్ నిర్ణయం సరైనది. అదే చిత్రంలోని 'యాడ పోయినాడో' పాటలో కైలాశ్ ఖేర్ గొంతు పక్కన పెంచల్ దాస్ గొంతు వినిపిస్తుంది. ఎవరి గొంతు బలమైనదన్న పోటీ కంటే, ఊరి గొంతు మాటను ఎంత త్వరగా విడిచిపెడుతుందో, శిక్షణ పొందిన గొంతు దానిని ఎంతసేపు పట్టుకుంటుందో గమనించడానికి ఆ పాట ఉపయోగపడుతుంది.

ఒకే రచయిత, ఒకే సంవత్సరం. ఒక పాట పెళ్లి ఊరేగింపులకు చేరింది, మరొకటి చేరదగినది కాదు. ఇక్కడే నాకు ఆందోళన. దరువుకు ఒదిగే పాటలే వినిపిస్తూ పోతే ఒదగనివి ఉన్నాయన్న సంగతే మరుగున పడుతుంది. రాబోయే తరానికి సీమ పాట అంటే మామను ఆటపట్టించే పాట, మీసం మెలేసే పాట అనే అర్థమే మిగులుతుంది. 'సమరసింహారెడ్డి' (1999) నాటి నుంచి సినిమా సీమకు కత్తిని, సుమోను అంటగట్టింది. దానికి పాట కూడా తోడైతే, తత్వాలూ కరువు పాటలూ ఎవరివో తెలియని స్థితి వస్తుంది. బనగానపల్లెలోనూ కందిమల్లాయపల్లెలోనూ తంబూరా మీద ఇప్పటికీ వినిపించే వీరబ్రహ్మం తత్వాలకు ఏ క్లబ్ దరువూ అవసరం లేదు. కానీ వినే చెవి అవసరం.

5. ర్యాప్ వేరు, క్లబ్ దరువు వేరు

ఈ చర్చలో ర్యాప్‌ను, క్లబ్ దరువును ఒకే గాటన కట్టడం వల్ల మరొక పొరపాటు జరుగుతోంది. క్లబ్ పాటకు చిన్న మాట చాలు, అది పదేపదే రావాలి. ర్యాప్‌కు పొడుగాటి కథనం కావాలి, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, తేదీలు, లెక్కలు కావాలి. ఈ లక్షణాలన్నీ మన వీరగాథకు ఉన్నాయి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథ, 1866 నాటి కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి గాథ కర్నూలు ప్రాంతంలో పాటలుగా నిలిచాయి. కథను మోసుకుపోయే నిర్మాణం, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి వంత. ఈ గాథలను క్లబ్ దరువు మోయలేదు. ర్యాప్ మోయగలదు.

పంజాబులో ఇది జరిగింది. మాళ్వా ప్రాంతంలో 'కలీ' అనే కథాగీత సంప్రదాయం ఉంది. కుల్దీప్ మాణక్ దానికి విశేషమైన జనాదరణ తెచ్చాడు. అదే మాళ్వాలోని మాన్సా జిల్లా నుంచి సిద్ధూ మూసేవాలా వచ్చాడు. తుపాకులను, పంతాలను కీర్తించే అతని పాటల మీద ఉన్న ఆక్షేపణలు న్యాయమైనవే. కానీ 2022 మేలో అతను హత్యకు గురయ్యాక, జూన్‌లో విడుదలైన 'ఎస్‌వైఎల్' పాట వస్తువు సట్లెజ్ - యమునా అనుసంధాన కాలువ. నదీజలాల్లో పంజాబు వాటా గురించిన ఆ పాటను కొద్ది రోజులకే మన దేశంలో యూట్యూబ్‌లో కనిపించకుండా చేశారు. ఒక కాలువ పేరు ర్యాప్ పాటకు శీర్షిక అయింది, ఆ పాట రాజ్యాన్ని ఇబ్బంది పెట్టింది.

సీమకు కాలువలు లేవా? సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని అందుకుని కడప దాకా వచ్చే కర్నూలు - కడప కాలువను 19వ శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ నీటిపారుదలకూ పడవలకూ కలిపి తవ్వించింది. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో నీటి వాటా ప్రస్తావన ఉంది. సిద్ధేశ్వరం అలుగు కోసం 2016లో రైతులే కదిలారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు పోయే కుటుంబాలు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయే ఆడవాళ్లు - ఇంత కథనం ఉన్న నేలలో ర్యాప్‌కు వస్తుదారిద్య్రం లేదు. రాయలసీమ కథకులు ఈ వస్తువులను ఎంతో కాలంగా రాస్తున్నారు. పాట మాత్రం ఇంకా దారి, దుమ్ము దగ్గరే ఉంది. ఈ మాటలో నిందకన్నా నిరీక్షణే ఎక్కువ.

భాషాపరంగా ఒక చిక్కు ఉంది. ర్యాప్ ప్రాణం అంత్యప్రాసలో ఉంటుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియ చివరి ప్రత్యయం పురుషవచనాలను బట్టి ఒకటే అవుతుంది. అందుచేత అంత్యప్రాస అయాచితంగా దొరుకుతుంది. శ్రమ లేకుండా దొరికిన ప్రాసకు చెవిలో బరువుండదు. తెలుగు ర్యాప్‌లో తరచుగా కనిపించే చప్పదనానికి ఇది ప్రధాన కారణమని నా అభిప్రాయం. 'పోతాండా', 'వస్తాండా' అని సీమ యాసలో పలికినంత మాత్రాన అది తీరదు. ద్వితీయాక్షర ప్రాసను, యతిని దరువు మీద నిలపగలిగితే తీరవచ్చు. జానపదులు ఆ పనిని శాస్త్రం చదవకుండానే చేశారు.

6. సేకరణ పద్ధతి గురించి

ఇంతవరకు స్వరకర్తలను తప్పుపట్టినట్లు కనిపించవచ్చు. తప్పులో పరిశోధకులకూ వాటా ఉంది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' నుంచి నేటి దాకా మన కృషి ప్రధానంగా పాట పాఠాన్ని కాపాడింది. వస్తువును బట్టి వర్గీకరించాం, పాఠాంతరాలు చూపాం, మాండలిక పదాలకు అర్థాలు ఇచ్చాం. పాట ఎంత వేగంతో మొదలై ఎంత వేగంతో ముగిసింది, వంత ఎన్నో మాత్ర మీద అందుకుంది, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు అన్న వివరాలు చాలా సంకలనాల్లో లేవు. కడప ప్రాంతపు పాటలను సేకరించిన కలిమిశెట్టి మునెయ్య పాటకు అనువైన స్వరాలను, తాళాన్ని సూచించడం విలువైన మినహాయింపు. మేళనం చేయదలచిన యువ సంగీతకారుడు మన గ్రంథాలయానికి వస్తే అతనికి మాటలు దొరుకుతాయి, నడక దొరకదు. అప్పుడతను తనకు తెలిసిన చట్రాన్నే మాటలకు తొడుగుతాడు.

కనుక చెక్కభజన మీద గానీ కోలాటం మీద గానీ క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకులు ఎత్తుగడకు ముందే యంత్రాన్ని తెరిచి, ముక్తాయింపు తర్వాతే మూయడం అవసరం. ప్రతి మెట్టు దగ్గర నిమిషానికి ఎన్ని చెక్కదెబ్బలు పడుతున్నాయో, వేగం మార్చే సైగను గురువు ఏ మాట మీద చేస్తున్నాడో పాఠం పక్కనే నమోదు చేయవచ్చు. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు, చేతి గడియారం చాలు. ప్రస్తుతం అంతర్జాలంలో కనిపించే భజన వీడియోలు ఎక్కువగా చివరి ఉరవడి దగ్గర మొదలై అక్కడే ముగుస్తున్నాయి. అంతకు ముందు బృందం నిదానంగా నడిచిన పది నిమిషాలు వాటిలో ఉండవు.